మా బావ కారు గేటు బయటే

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కాగితాలు తీసి, మళ్ళీ లోపల పెట్టేసి, టీ తాగి వచ్చి, మళ్ళీ తీశాను. బద్ధకం ఒక కారణం. నా వయసులో దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. అసలు కారణం ఏమిటంటే, ఎవరి గురించి రాయాలో ఆ మనిషికి నా కథలు వినే ఓపిక ఏనాడూ లేదు. నేను నోరు తెరిచి నాలుగు మాటలు చెప్పేలోపు చేతివాచీ చూసుకుని, "లైన్లోకి రా బామ్మర్దీ" అనేవాడు. ఆయన డ్రిల్లు మాస్టారు. మాటలు కూడా వరసలో నడవాలనేవాడు. నా మాటలకి వరస ఉండదు. అది ఆయనకి తెలుసు, కాసేపట్లో మీకూ తెలుస్తుంది.

మా బావ పోయాడు. మా అక్క భర్త. ఒక మంగళవారం పొద్దున్న అక్క ఫోన్ చేసి, "మీ బావ లెగలేదురా" అంది. తెల్లారకముందే లేచి, చేతులు ఊపుకుంటూ వీధి చివరిదాకా నడిచొచ్చే మనిషి. నాకు సరిగ్గా అర్థం కాలేదు. "పడుకోనీ అక్కా, ఒక్క రోజుకి ఏటవుద్ది" అన్నాను. "కాదురా. నువ్వు రా" అంది. వార్త అంతే. ఏ ఆసుపత్రికీ తిప్పించకుండా, ఎవరి చేతా సేవ చేయించుకోకుండా, నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఇంజన్ల షో ఇంకా మూడు వారాలు ఉందనగా.

ఆ షో సంగతి అనకాపల్లి వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెప్తాను. ఏడాదికొకసారి, బెల్లం మార్కెట్టుకి సెలవున్న ఒక ఆదివారం, యార్డు ఖాళీ చేసి, పెద్ద పెద్ద ఇంజన్లున్న కార్లన్నిటినీ అక్కడ నిలబెడతారు. చర్చికెళ్ళే వాళ్ళు ప్రార్థన అయ్యాక రావాలి కాబట్టి మధ్యాహ్నం భోజనాల తర్వాతే మొదలు. విశాఖపట్నం నుంచి నేలకి ఆనుకుపోయే కార్లు వస్తాయి. పాయకరావుపేట నుంచి కొండలెక్కే జీపులు వస్తాయి. ఒక ఏడాది పూడిమడక నుంచి ఒకాయన పడవ ఇంజను ట్రాలీ మీద పెట్టి తెచ్చాడు. కారు కాదు కదా అని ఎవరో అడ్డం చెప్తే, "ఇది లాగేది సముద్రాన్ని బాబూ, మీ కార్లు రోడ్డు మీదే కదా" అన్నాడు. మా బావ లోపలికి రానిచ్చాడు. పిల్లలందరూ ఆ ఇంజను చుట్టూనే చేరారు. దానికి చేపల వాసన ఉండడం కూడా ఒక కారణం కావచ్చు. వాసన వెనకాల పిల్లులు కూడా వచ్చాయి.

పోటీలు ఉండవు. పరుగులు ఉండవు. ఒక్కొక్క కారు ముందుకొచ్చి బోనెట్టు ఎత్తుతుంది, ఇంజను స్టార్టవుతుంది, గట్టిగా ఒకసారి గర్జిస్తుంది, ఆగుతుంది. జనం చప్పట్లు కొడతారు. అంతే. దానికోసం ఇంటిల్లిపాదీ వస్తారు. చంకలో పిల్లాడితో కోడలు, మోకాళ్ళ నొప్పితో అత్త, తిండి డబ్బాలు మోస్తూ మామగారు. ఇంజన్లు చూడ్డానికి ఇంతమంది ఆడవాళ్ళు ఎందుకొస్తారని మీరు అడగాలి. అడిగారనుకుని చెప్తాను.

దానికి ముందు ఒక సంగతి. ఇంజన్ల గురించి మా బావకి తెలిసినవి రెండే: స్టార్టయింది, స్టార్టవలేదు. బోనెట్టు ఎత్తి లోపలికి చూసేటప్పుడు మాత్రం పెద్ద డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసేవాడు. చూసి, తల ఊపి, మూసేసి, గవరపాలెం మెకానిక్కుకి ఫోన్ చేసేవాడు. ఆయనకి నచ్చింది ఆ శబ్దం. మునగపాకలో ఆయన పుట్టిన ఇంటి వెనకాల చెరకు ఆడే గానుగ ఉండేది. దానికో ఆయిలింజను. గానుగ కాలంలో అది పగలూ రాత్రీ కొట్టుకుంటూనే ఉండేదట. "ఆ సప్పుడికే నిద్దరపోయేవోణ్ణి. ఇంజనాగితే మెలకువొచ్చీసేది" అనేవాడు. మా అక్క పక్కనుండి, "ఇప్పుడు నాకు నిద్దర లేదు కదా, ఆ ఇంజను ఈయన ముక్కులోకొచ్చి కూకున్నాది" అనేది.

ఇక షో ఎలా మొదలైందంటే, ఒక కుర్రాడి వల్ల. ఆ కుర్రాడు ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, నెత్తి మీద జుట్టు కూడా పల్చబడింది, అయినా నేను జీపు కుర్రాడనే అంటాను. బావ దగ్గరే కబడ్డీ నేర్చుకున్నాడు. ఎక్కడినుంచో పాత జీపు తెచ్చి, అందులో దానికి మించిన ఇంజను పెట్టించి, సైలెన్సరు కోసేసి, బడి వదిలే వేళకి మెయిన్ రోడ్డు మీద ఉరిమించుకుంటూ వెళ్ళేవాడు. పిల్లలు బెదిరి కాలవలోకి దూకేవారు. ఒకరోజు మా బావ రోడ్డు మధ్యలో నిలబడి ఈల ఊదాడు. ఆ ఈల వింటే ఆయన దగ్గర చదివినవాడు ఎవడైనా ఆగిపోతాడు, ఎంత పెద్దవాడైనా సరే. జీపు ఆగింది. నేను అక్కడే ఉన్నాను. నా లారీ బుకింగ్ ఆఫీసు ఆ మలుపులోనే ఉండేది.

"ఈ సప్పుడు మీ యమ్మ విన్నాదేటి?" అన్నాడు బావ.

"లేదు మాస్టారూ."

"నీకింత బాగుంది కదా, ఆయమ్మకెందుకు వినిపించలేదు?"

కుర్రాడు ఇంజను ఆపేశాడు.

"రేపు ఆయమ్మని పక్క సీట్లో కూకోబెట్టుకుని రా. అప్పుడు ఎంత తొక్కుతావో తొక్కు. నాను అడ్డు రాను."

మర్నాడు నిజంగానే తీసుకొచ్చాడు. వాళ్ళది చర్చికెళ్ళే కుటుంబం. ఆవిడ సీట్లో బిగుసుకుని కూర్చుని, కొడుకు కాలు కదిపితే చాలు "ప్రభువా" అని గట్టిగా అనేది. బావ ఈల ఊదాడు. కుర్రాడు తొక్కాడు. జీపు గొంతు సవరించుకున్నంత చప్పుడు చేసింది. అంతకు మించి వాడి కాలు దిగలేదు. తీరా ఆవిడే, "ఇంతేనేటిరా? దీనికోసమేనా నా గాజులు తాకట్టెట్టించేవు?" అంది. వాడు ఇంకొంచెం తొక్కాడు. ఆవిడ ఈసారి నవ్వింది. ఆ నవ్వు చూసి మా బావకి షో పెట్టాలని తోచింది.

రూలు ఒక్కటే. పక్క సీట్లో ఇంటి ఆడమనిషి లేకపోతే బండి గేటు దాటదు. అమ్మో, భార్యో, అక్కో, చెల్లో, మేనత్తో, ఎవరో ఒకరు. "మీయమ్మ పక్కనుండగా ఎంత తొక్కగలవో నీ ఇంజను బలం అంతే" అనేవాడు. విశాఖపట్నం నుంచి ఒకాయన ఎవరికీ అందనంత పెద్ద కారులో ఒంటరిగా వచ్చి, గేటు దగ్గర నిలబడి, చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడాడు. బావ అంతా విని, "ఎల్లి తీసుకురండి, షో సాయంత్రం దాకా ఉంటాది" అన్నాడు. ఆయన వెళ్ళి వాళ్ళ నాయనమ్మని తీసుకొచ్చాడు. ఆవిడ ఆ కారు ఎక్కడం అదే మొదటిసారట. దిగనంది.

పిల్లల చెవుల సంగతి కూడా ఆయన పద్ధతే. మొదటి ఈలకి అందరూ చూపుడువేళ్ళు చెవుల్లో పెట్టుకోవాలి. చంటిపిల్లల చెవులు పక్కవాళ్ళు ముయ్యాలి. రెండో ఈలకి ఇంజను. మూడో ఈలకి ఇంజను ఆగాలి, వేళ్ళు తియ్యాలి. మూడో ఈల తర్వాత కూడా తొక్కితే ఆ బండి మళ్ళీ ఏడు రాకూడదు. "పరిగెట్టడం ఎవుడికైనా వత్తాది. ఆగడం నేర్పుతాననే నాకు జీతమిచ్చేరు" అనేవాడు. యార్డు నిండా జనం, పోలీసు కానిస్టేబుల్తో సహా, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఒకే వరసలో నిలబడి ఉండడం చూస్తే, ఏదో కొత్త మతం పుట్టిందనుకుంటారు.

అయితే ఈ రూలు ముందు దెబ్బ కొట్టింది మా బావనే.

ఆయనకి ఒక కారు ఉండేది. ఎనిమిది సిలిండర్ల పాత అమెరికా కారు, మా వీధికి అడ్డంగా పెడితే వీధి అయిపోతుంది. మూతబడ్డ ఏదో ఎస్టేటు షెడ్డులో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటుంటే, తీసుకెళ్ళిపోతే చాలని వాళ్ళే ఇచ్చారు. ఒకప్పుడు ఆకుపచ్చ రంగట. నేనెరిగినప్పటి నుంచీ నల్లబెల్లం రంగే. ఆదివారాలు ఇంటి ముందు కాసేపు స్టార్ట్ చేసి ఆపేవాడు. వీధిలో ఇత్తడి సామాన్లన్నీ గణగణమనేవి. షోలో దానికి సాటొచ్చే ఇంజను లేదు. కానీ ఒక్క ఏడు కూడా అది యార్డు గేటు దాటలేదు. ఎందుకంటే మా అక్క రాదు.

బతిమాలాడు. నేనూ బతిమాలాను. "నాను రాను" అనేది. అలాగని షో వద్దనదు. పిల్లల కోసం గుండిగ నిండా పానకం చేసి పంపుతుంది. తను మాత్రం రాదు. "పెట్టినోడివి నువ్వే, నీ కారు నువ్వు తీసుకెల్తే ఎవడు అడుగుతాడు బావా" అన్నాను నేను. "నానే అడుగుతాను" అన్నాడు. ప్రతి ఏడూ కారు కడిగి, బొట్టు పెట్టి, గేటుదాకా తోలుకెళ్ళి, బయట గోడ పక్కన నీడలో నిలబెట్టి, తాళం కూడా వెయ్యకుండా నడిచి లోపలికి వచ్చేవాడు.

పానకం అన్నాను కదా, అది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఒక ఏడు గేటుదాకా వచ్చేసరికి కారు కాగిపోయి ఆవిర్లు కక్కింది. షోకి వేళవుతోంది. బావ కంగారుగా నీళ్ళ కోసం చూశాడు. గోడ పక్కన ఒక బకెట్టు ఉంది. మా యార్డు కుళాయి నీళ్ళు తుప్పురంగులో వస్తాయి, అది ఊరందరికీ తెలుసు. తుప్పు నీళ్ళనుకుని సగం బకెట్టు రేడియేటర్లో పోసి, ఇంజను ఆడించాడు. అది గుండిగ చాలక అక్క బకెట్టులో పంపిన పానకం. కాసేపటికి వాసన మొదలైంది. ముందు కమ్మగా ఉంది. జనం ముక్కులెగరేస్తూ గేటు దగ్గరికొచ్చారు. వాళ్ళలో మునగపాక ముసలమ్మ ఒకామె ఉంది, పెళ్ళయిన దగ్గర్నుంచీ బెల్లం వండే పెనం దగ్గరే బతికింది. ఆమె కారు చుట్టూ ఒకసారి తిరిగి, "పాకం ముదురుతన్నాది బాబూ. ఇంకా సేపుంచితే అచ్చు కట్టేత్తాది. దింపీండి" అంది. దింపడానికి అదేమైనా పెనమా. బావ తాళం తిప్పేసరికి ఆలస్యమైపోయింది. మెకానిక్కు వేణ్ణీళ్ళు పోసి పోసి రేడియేటరు కడిగాడు. అలా కడుగుతున్నంతసేపూ వాడి చేతులు నాకాలని పిల్లలు వెంటపడ్డారు.

ఆ సాయంత్రం అక్క, "పిల్లలకని పంపితే కారుకి తాగించేరా? ఏలక్కాయలు కూడా ఏసేను" అంది. ఆయన గంభీరంగా, "అందుకే అంత కమ్మగా ఉడికింది" అన్నాడు. తర్వాత చాలాకాలం ఆ కారు ముందు చీమల బారు ఉండేది. బావ వాటిని తుడవనివ్వలేదు. నన్ను పిలిచి చూపించి, "సూడు బామ్మర్దీ, నీ కంటే లైనుగా నడుత్తన్నాయి" అన్నాడు.

ఇప్పుడు అక్క ఎందుకు రాదో చెప్పాలి. దానికి ఆయన పెళ్ళయిన కొత్తకి వెళ్ళాలి. బావ అప్పుడే ఉద్యోగంలో చేరాడు. పిల్లల్ని ఆటల పోటీకని పాయకరావుపేట తీసుకెళ్ళాడు. చీకటి పడేలోపు రావాల్సిన బస్సు రాలేదు. ఫోన్లు లేని కాలం. ఒక్కొక్క తల్లీ, ఒక్కొక్క తండ్రీ వచ్చి మా అక్క గుమ్మం ముందు నిలబడ్డారు. "మా బిడ్డలేరమ్మా?" అని అడుగుతారు. కాపురానికొచ్చి నెల కూడా కాని పిల్ల, చేతిలో గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఏం చెప్తుంది? పొయ్యి మీద అన్నం మాడి ఇల్లంతా పొగ కమ్మింది. బస్సు దారిలో చెడిపోయింది, అంతకు మించి ఏమీ కాలేదు. అందరూ క్షేమంగా వచ్చారు. బావ ప్రతి పిల్లాడినీ వాడి గుమ్మంలో దింపి, ఆఖరున ఇంటికొచ్చి, "అందరూ ఇళ్ళకి సేరిపోయేరు" అన్నాడట. అప్పుడు అక్క మళ్ళీ బియ్యం కడిగింది.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో అదొక ఆచారమైపోయింది. ఆయన పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్ళినా, ఆ మాట చెప్పేదాకా ఆవిడ పొయ్యి వెలిగించదు. తర్వాత గ్యాసు వచ్చింది, అయినా అంతే. రిటైరయ్యాక షో వచ్చింది. ఎవరైనా బిడ్డ కోసం వెతుక్కుంటూ వస్తే ఆ గుమ్మానికే వస్తారని, షో రోజున మా అక్క అక్కడే కూర్చునేది. యార్డు నుంచి వచ్చే ప్రతి గర్జనా ఆవిడకి ఆ ఇంట్లో వినబడుతుంది. ఆయన ఆఖరి బండి గేటు దాటేదాకా ఉండి, ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే ఆ మాట చెప్పేవాడు. షో అంటే ఊరందరికీ శబ్దం. మా అక్కకి మాత్రం ఆ ఒక్క మాట.

పెద్దకర్మ అయిన మర్నాడు యార్డు పెద్దలు వచ్చి ముందు గదిలో కూర్చున్నారు. వాళ్ళు మంచివాళ్ళే. "మాస్టారి ఈలని నమ్మి యార్డిచ్చేం. ఈ ఏడు ఆపేద్దాం. ఎవుడైనా మితిమీరి తొక్కి, ఏ పిల్లకైనా ఏదైనా అయితే, ఇంక ఎప్పటికీ ఇవ్వలేం" అన్నారు. నాకు సమ్మతంగానే ఉంది. జీపు కుర్రాడు ఒక మూల నిలబడి ఉన్నాడు.

లోపల నుంచి అక్క గొంతు వినబడింది. "ఆపొద్దు."

నేను లోపలికి వెళ్ళి, "అక్కా, ఇన్నేళ్ళు బయపడ్డది నువ్వే కదా" అన్నాను.

"బయం నాది. షో ఆయనది. రెండూ ఎందుకు కలుపుతావు?"

"ఈల ఎవరూదుతారు?"

"నువ్వు."

"నాకు ముందు పళ్ళే లేవక్కా."

"పెదాలున్నాయి కదా. ఊరంతా కబుర్లు సెప్పడానికి అడ్డు రాలేదు, ఈలకి అడ్డొచ్చేయేటి?"

అప్పుడు జీపు కుర్రాడు ధైర్యం చేసి గుమ్మం దాకా వచ్చాడు. "అమ్మా, ఈ ఒక్క ఏడూ మాస్టారి కారు లోపలికి తీసుకెల్తాం. పూలదండేసి, పొటో ఎట్టి, మధ్యలో నిలబెడతాం."

అక్క వాడి వైపు తిరిగింది. "నాను వత్తన్నానేటి?"

"లేదమ్మా."

"మరి నాను లేకండా లోపలికెలా ఎల్తాది? బయటే ఉండనీండి."

అలా ఈ ఏడు కూడా ఆ కారు గోడ పక్కన నీడలో నిలబడింది. మెకానిక్కు తోలాడు, నేను పక్కన కూర్చున్నాను. ముందు బొట్టు పెట్టాం. తాళం వెయ్యలేదు.

నా ఈల గురించి ఎక్కువ చెప్పను. మొదటిసారి ఊదితే గాలి తప్ప ఏమీ రాలేదు. రెండోసారి వచ్చిన చప్పుడికి ఎక్కడినుంచో ఒక కుక్క వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుంది, సాయంత్రం దాకా వెళ్ళలేదు. జనం నవ్వారు. కానీ వేళ్ళు చెవుల్లోకి వెళ్ళాయి. నేను ఎంత చచ్చు ఈల ఊదినా, వరసలో ముందున్న పిల్లలు దాన్ని బావ ఈలగానే విన్నారు. బండి తర్వాత బండి వచ్చింది. తల్లులు పక్క సీట్లలో కొంగులు సర్దుకున్నారు. విశాఖపట్నం నాయనమ్మ ఈ ఏడు నల్లకళ్ళజోడు పెట్టుకుని వచ్చింది. ఎవడూ మూడో ఈల దాటి తొక్కలేదు. ఒకడు దాటబోయాడు, వాడి భార్య వాడి చెయ్యి మీద ఒక్కటేసింది. నేను మనసులో "బావా, నీ రూలు పనిచేస్తోంది" అనుకున్నాను.

ఆఖరి పద్ధతి ఒకటి ఉంది. వెళ్ళిపోయేటప్పుడు ప్రతి బండీ గేటు దగ్గర ఆగాలి. బావ వంగి, "అందరూ ఉన్నారా?" అని అడిగేవాడు. డ్రైవరు చెప్తే ఒప్పుకోడు. పక్క సీట్లో ఉన్న ఆడమనిషి వెనక్కి తిరిగి, కళ్ళతో చూసి చెప్పాలి. నేనూ అలాగే అడిగాను. బళ్ళు ఒక్కొక్కటే వెళ్తున్నాయి. జీపు వచ్చింది. కుర్రాడి తల్లి ముందు సీట్లో, భార్యా పెద్ద పిల్లాడూ వెనకాల.

"అందరూ ఉన్నారా?"

ఆవిడ వెనక్కి తిరిగింది. తిరిగి, అలాగే ఉండిపోయింది.

"సిన్న గుంట ఏదే?" అంది కోడలితో.

"మీ దగ్గరుంది కదత్తా."

"నా దగ్గరెక్కడుంది? పానకం తాగిత్తానని నువ్వట్టుకెల్లేవు."

"తాగి మీ దగ్గరికే వచ్చింది."

నాలుగేళ్ళ పిల్ల. కుర్రాడు జీపులోంచి దూకేశాడు. నేను ఈల నోట్లో పెట్టుకున్నాను. ఎలా ఊదానో తెలియదు. ఆ ఒక్కసారి మాత్రం బావ ఊదినట్టే వచ్చింది. యార్డులో ఉన్న ప్రతి ఇంజనూ ఆగిపోయింది.

అంత నిశ్శబ్దం నేను ఆ యార్డులో ఎప్పుడూ వినలేదు. మగవాళ్ళు బళ్ళ కిందకి దూరి చూస్తున్నారు. ఆడవాళ్ళు పక్కకి పేర్చిన బెల్లం బుట్టల వెనక, గోడౌన్ల వరండాలో పిలుస్తూ తిరుగుతున్నారు. కుర్రాడి తల్లి నేల మీద కూలబడి ప్రార్థన చేస్తోంది, ఈసారి గొంతు పైకి రావడం లేదు. గేటు బయట రోడ్డు. రోడ్డు మీద లారీలు. నేను బతుకంతా లారీలతోనే గడిపాను, వాటి ముందు చిన్నపిల్ల ఎంత కనబడుతుందో నాకు తెలుసు. నా కళ్ళ ముందు పిల్ల లేదు, రోడ్డు లేదు. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మా అక్క ఉంది. ఏ ముఖం పెట్టుకుని ఆ గుమ్మానికి వెళ్ళను?

గేటు దాటి రోడ్డు వైపు నడుస్తున్నాను. నడిచానో పరిగెత్తానో. గోడ పక్కన బావ కారు వెనక తలుపు కొంచెం తెరిచి ఉంది.

వెనక సీటు మంచమంత ఉంటుంది. పిల్ల దాని మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. మూతి చుట్టూ పానకం ఎండిపోయి ఉంది. ఒక వేలు ఇంకా చెవిలోనే ఉంది. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, ఆ చుట్టుపక్కల చప్పుడు చెయ్యని కారు అదొక్కటే. ఇన్నేళ్ళూ గేటు బయట ఉన్నందుకు అది ఒక పనికొచ్చింది.

నేను కేక వెయ్యలేదు. చెయ్యెత్తి ఊపాను. కుర్రాడు వచ్చి, చూసి, కారు పట్టుకుని నిలబడ్డాడు. వాడి తల్లి వచ్చి పిల్లని ఎత్తుకుని, ముందు ముద్దు పెట్టుకుని, తర్వాత కోడల్ని తిట్టి, తర్వాత కోడల్నీ దగ్గరికి తీసుకుంది. పిల్ల కళ్ళు తెరిచి, "ఇంజనాగిపోయిందా?" అని అడిగి మళ్ళీ పడుకుంది. యార్డు పెద్దాయన ఒకరు నా పక్కకొచ్చి, కండువాతో ముఖం తుడుచుకుని, "వచ్చే ఏడు ఆ ఈల కొంచెం సాధన సెయ్యండి" అన్నాడు. వచ్చే ఏడు అన్నాడు. నేను విన్నాను.

ఆఖరి బండి దాకా ఉన్నాను, ఆఖరిది జీపే. జీపు వెనకాల మా అక్క ఇల్లు దాటి వాళ్ళ వీధి దాకా వెళ్ళి, పిల్లని వాళ్ళ గుమ్మంలో దింపడం చూసి, వెనక్కి నడిచాను.

దీపాలు పెట్టే వేళయింది. అక్క గుమ్మంలో కూర్చుని ఉంది. ఆవిడ వెనకాల వంటిల్లు చల్లగా ఉంది. చెప్పులు విప్పబోయి ఆగాను.

"అందరూ ఇళ్ళకి సేరిపోయేరక్కా."

అక్క నా ముఖంలోకి చూసింది. "ఈ ఏడు ఇంత సేపయిందేటి?"

"ఒక గుంట నిద్దరపోయింది."

"ఎక్కడ?"

"బావ కార్లో."

అక్క కొంగుతో ముఖం ఒత్తుకుంది. తర్వాత గుమ్మం పట్టుకుని లేచి, లోపలికి వెళ్ళి, స్టవ్వు వెలిగించి ఎసరు పెట్టింది.